తీసేసిన ఫీచర్లు – రివాల్వర్ నేర్పిన పాఠం

చిన్నప్పుడు ఏ ఆదివారం మధ్యాహ్నమో టీవీలో 'మోసగాళ్ళకు మోసగాడు' వేసేవాళ్ళు. 1971 నాటి సినిమా. మా నాన్నకి కృష్ణంటే ప్రాణం కాబట్టి ఆ రెండున్నర గంటలూ రిమోట్ ముట్టుకునే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. నేను పక్కన కూర్చుని తూటాలు లెక్కపెట్టేవాణ్ణి. నా లెక్క ఎప్పుడూ ఆరు దాటిపోయేది. "నాన్నా, అందులో ఆరే కదా పడతాయి, మళ్ళీ ఎప్పుడు నింపాడు?" అనడిగితే, "నోర్మూసుకుని సినిమా చూడరా" అనేవారు.

ఇన్నేళ్ళకి తెలిసిందేంటంటే నేనడిగింది పిచ్చి ప్రశ్నేం కాదు. రివాల్వర్ చరిత్రలో సగం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. మళ్ళీ నింపడం ఎలా? త్వరగా నింపడం ఎలా? నింపినది జేబులో పెట్టుకుంటే మన కాల్లోకే పేలకుండా ఆపడం ఎలా?

ఇప్పుడు ఈ గోలంతా ఎందుకంటే.. రెండేళ్ళ క్రితం ఆఫీసులో నేనొక వెధవ పని చేశాను. రాత్రిపూట నడిచే ఒక బ్యాచ్ జాబులో, ఫైలు కనబడగానే చదవకుండా 90 సెకన్లు ఊరికే ఆగే కోడు ఉండేది. కామెంటు లేదు. రాసినాయన కంపెనీ వదిలి ఏళ్ళయింది. "ఇదేదో చచ్చిపోయిన కోడు" అని తీసేశా. జాబు 90 సెకన్లు త్వరగా అయిపోతోందని స్టేటస్ మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. నెలాఖరున పెద్ద ఫైలు వచ్చింది. అవతలి సర్వరు ఇంకా రాస్తుండగానే మన జాబు చదివేసింది. సగం ఫైలే ప్రాసెస్ అయింది. అది జీతాల ఫైలు. రెండో సగంలో ఉన్నవాళ్ళకి జీతం మూడు రోజులు ఆలస్యం. వాళ్ళలో చాలామంది కాంట్రాక్టు పనివాళ్ళు. ఒకటో తారీఖున అద్దె కట్టాల్సినవాళ్ళు.

మా లీడ్ తిట్టలేదు. "అది ఎందుకు పెట్టారో కనుక్కున్నావా?" అని ఒక్కమాట అడిగాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత నాకొక పిచ్చి పట్టుకుంది. వస్తువుల్లోంచి ఫీచర్లు ఎందుకు మాయమవుతాయి? మాయమైనవన్నీ పనికిరానివేనా? చదువుతూ చదువుతూ రివాల్వర్ దగ్గర ఆగాను. తుపాకులంటే సరదా ఉండి కాదు, నేను దీపావళి రీలు తుపాకీ తప్ప ఇంకేదీ పేల్చలేదు. కానీ దాదాపు 200 ఏళ్ళ డిజైన్ చరిత్ర, ప్రతి మార్పుకీ తేదీ, కారణం దొరికే వస్తువు ఇంత చిన్నది ఇంకోటి కనబడలేదు. ఒకరకంగా మంచి కమిట్ హిస్టరీ ఉన్న ప్రాజెక్టన్నమాట.

పని పోయింది, కమ్మీ కూడా పోయింది

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజుల్లో తూటా అంటే ఇప్పుడు మనకి తెలిసిన ఇత్తడి తూటా కాదు. సిలిండర్లో ఒక్కో గదిలోకి ముందు నుంచి మందు పొయ్యాలి, దాని మీద సీసపు గుండు పెట్టి కూరాలి, వెనక వైపు ఒక చిన్న క్యాప్ తొడగాలి. ఈ క్యాప్ మన దీపావళి తుపాకీ బిళ్ళలకి పెదనాన్న లాంటిది. హ్యామర్ దాని మీద పడితే నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది.

గుండు గట్టిగా కూరకపోతే కష్టం. అందుకే 1839 నుంచి కోల్ట్ బ్యారెల్ కింద ఒక కమ్మీ పెట్టాడు. దాన్ని కిందకి లాగితే ఒక కడ్డీ గుండుని గదిలోకి నొక్కుతుంది. 1847లో వచ్చిన వాకర్ మోడల్లో ఇదే పెద్ద తలనొప్పి. తుపాకీ బరువే సుమారు 2 కిలోలు, పోసే మందు ఎక్కువ, తన్ను కూడా అంతే. ఒకసారి పేల్చగానే ఆ కమ్మీ దానంతటదే కిందకి ఊడిపడి సిలిండర్ని తిరగనివ్వకుండా అడ్డం పడేది. వాడేవాళ్ళు తోలు తాడుతో కట్టుకునేవాళ్ళు. తర్వాతి మోడల్లో కోల్ట్ దానికి సరైన పట్టు పెట్టాడు. మనవాళ్ళు ప్రొడక్షన్లో ముందు తాడు కట్టి, తర్వాత రిలీజులో సరిచేస్తారే.. అలాగే.

తర్వాత ఇత్తడి తూటా వచ్చింది. మందు, గుండు, క్యాప్ మూడూ ఒకే తొడుగులో. ఇక కూరేదేం లేదు. కమ్మీ మాయమైంది. దాన్ని ఎవరూ ఓడించలేదు, దాని పని పోయిందంతే.

ఇది తేలిక రకం. ఎందుకుందో అందరికీ తెలుసు, అవసరం తీరిపోయిందనీ అందరికీ తెలుసు. ఇలాంటిది తీసేస్తే ఎవరికీ రాత్రి రెండింటికి ఫోను రాదు.

పైకప్పు లేని ఇల్లు

పాత కోల్ట్ బొమ్మ చూస్తే సిలిండర్ మీద ఏమీ ఉండదు. పైన ఖాళీ. బ్యారెల్ని, వెనక చట్రాన్ని కలిపేది మధ్యలో ఒక ఇరుసు, దానికి అడ్డంగా దిగ్గొట్టిన ఒక చీల. చీల తీస్తే తుపాకీ మూడు ముక్కలై చేతిలోకి వస్తుంది.

ఇది బుద్ధిలేక చేసిన పని కాదు. అప్పటి మందు కాలితే విపరీతమైన మసి. రోజూ కడగాలి. ముక్కలుగా ఊడొచ్చే తుపాకీ కడగడానికి సుఖం. పైగా పేలిన క్యాప్ ముక్కలు లోపల ఇరుక్కోకుండా పైకి పోవడానికి దారి ఉంటుంది.

1851లో లండన్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ కోల్ట్‌కి ఎదురుగా రాబర్ట్ ఆడమ్స్ అనే ఇంగ్లీషాయన తన రివాల్వర్ పెట్టాడు. చట్రం, బ్యారెల్ ఒకే ఇనుప ముక్క. సిలిండర్ మీదుగా ఒక దూలం. ఎక్కువ గట్టిది. పైగా హ్యామర్ని బొటనవేలితో వెనక్కి లాగక్కర్లేదు, ట్రిగ్గర్ నొక్కితే చాలు. నొక్కితే చాలు అనడం కంటే, అలా నొక్కడం తప్ప ఇంకో దారి లేదు అనడం సబబు. ఆ నొక్కుడు బరువుగా ఉండి గురి తప్పేది. 1856లో బ్యూమాంట్ అనే సైనికాధికారి రెండు రకాలుగానూ పేల్చగలిగే ఏర్పాటు చేశాడు. 1857 తిరుగుబాటు నాటికి మన దేశంలో బ్రిటిష్ అధికారుల నడుముల దగ్గర ఈ బ్యూమాంట్-ఆడమ్స్‌లు కనబడేవి.

దూలం గట్టిదని అందరికీ కనబడుతున్నా కోల్ట్ కంపెనీ తన ప్రధాన మోడళ్ళని 20 ఏళ్ళు పైకప్పు లేకుండానే నడిపింది. ఫ్యాక్టరీలో యంత్రాలన్నీ దానికే సర్దిపెట్టి ఉన్నాయి, అమ్మకాలు బాగున్నాయి, ఇంకెందుకు మారుస్తారు? చివరికి మార్పించింది కస్టమరే. 1872లో కోల్ట్ మళ్ళీ పైన ఖాళీగా ఉన్న మోడల్నే అమెరికా సైన్యానికి చూపిస్తే, వాళ్ళు గట్టి చట్రం కావాలన్నారు. అలా వచ్చిందే 1873 నాటి సింగిల్ యాక్షన్ ఆర్మీ. మన కౌబాయ్ సినిమాల్లో నడుముకి వేలాడేది దాని రూపమే. ఆ తర్వాత ఇంచుమించు ప్రతి బలమైన రివాల్వర్ నెత్తిమీదా దూలం ఉంటూనే ఉంది.

పేటెంటు పుణ్యమా అని

ఇక్కడ మనవాళ్ళకి బాగా అర్థమయ్యే కథ ఒకటుంది.

ఇత్తడి తూటా వాడాలంటే సిలిండర్ గదులు ఇటునుంచి అటు పూర్తిగా తొలిచి ఉండాలి. వెనకనుంచి తూటా పెట్టాలి కదా. "తొలిచిన సిలిండర్" అన్నదాని మీద రోలిన్ వైట్ అనే ఆయన 1855 ఏప్రిల్‌లో అమెరికన్ పేటెంటు సంపాదించాడు. వినడానికి "గొట్టానికి రెండు వైపులా కన్నం" మీద పేటెంటులా లేదూ? అప్పుడే తూటా రివాల్వర్ తయారుచెయ్యాలని చూస్తున్న స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు 1856లో ఆయనతో ఒప్పందం చేసుకున్నారు. తుపాకీకి 25 సెంట్లు ఆయనకి. కానీ ఒప్పందంలో ఒక మెలిక ఉంది. ఎవరైనా కాపీ కొడితే కోర్టుకెక్కి పోరాడే ఖర్చు మాత్రం వైట్‌దే! 1857లో వాళ్ళు .22 సైజు చిన్న తుపాకీతో మొదలుపెట్టారు.

ఫలితం ఏంటంటే.. 1861 నుంచి 1865 దాకా అమెరికా అంతర్యుద్ధం జరిగితే, రెండు పక్షాల్లోనూ సైనికులు ఎక్కువగా మోసింది మందుకూరే పాతరకం రివాల్వర్లే. అప్పటికే యూరప్‌లో యూజీన్ లెఫోషో 1854 నుంచి తూటా రివాల్వర్లు అమ్ముతున్నాడు. ఫ్రెంచి నౌకాదళం 1858లోనే అలాంటివి తీసుకుంది.

అమెరికాలో మిగతా కంపెనీలు ఊరుకున్నాయా? పేటెంటుకి దొరక్కుండా నానా అవస్థలు పడ్డాయి. వెనకనుంచి పెడితేనే కదా కేసు, ముందునుంచి పెట్టే ఇత్తడి తూటా చేశాడొకడు. ఆ తూటా అడుగున చిన్న మొటిమలాంటిది ఉంటుంది, సిలిండర్ వెనక చిన్న రంధ్రంలోంచి అది బయటికి పొడుచుకొస్తే హ్యామర్ దాన్ని కొడుతుంది. కోల్ట్ కంపెనీ కూడా 1868 పేటెంటుతో ముందునుంచి పెట్టే తూటాల ఏర్పాటు ఒకటి తెచ్చింది. ఇవన్నీ తెలివైన పనులే. ఒక్కటీ మిగల్లేదు. ఎందుకంటే వీటిని కనిపెట్టింది తుపాకీ బాగుపడటానికి కాదు, లాయరు నోటీసు తప్పించుకోవడానికి.

1869లో పేటెంటు గడువు తీరింది. వైట్ గడువు పెంచమని అమెరికన్ కాంగ్రెస్‌ని అడిగాడు, కాంగ్రెస్ ఒప్పుకుంది కూడా. కానీ 1870 జనవరిలో అధ్యక్షుడు గ్రాంట్ వీటో చేశాడు. గ్రాంట్ ఎవరు? అదే యుద్ధంలో సేనాపతి. ఆ పేటెంటు వల్ల యుద్ధకాలంలో ప్రభుత్వం ఇబ్బందిపడిందని సైన్యపు ఆయుధ విభాగం అభ్యంతరం చెప్పింది మరి.

ఇక చూస్కోండి, మూడు నాలుగేళ్ళలో మొటిమ తూటాలూ, ముందునుంచి కూరడాలూ అన్నీ సర్దేసుకున్నాయి. ఇది రెండో రకం మరణం. టెక్నాలజీ ఎప్పుడో సిద్ధంగా ఉన్నా, చట్టం కాగితం ఒకటి పాతదానికి ప్రాణం పోస్తూ ఉంటుంది. కాగితం గడువు తీరగానే అది చస్తుంది.

గొళ్ళెం తీస్తే ఆరూ బయటికి

ఇప్పుడు నా చిన్ననాటి ప్రశ్న. మళ్ళీ ఎప్పుడు నింపాడు?

1873 కోల్ట్‌లో నింపడం ఇలా. పక్కనున్న చిన్న తలుపు తెరవాలి. కడ్డీతో ఒక ఖాళీ తొడుగుని వెనక్కి తోసెయ్యాలి. సిలిండర్ కొంచెం తిప్పాలి. ఇంకోటి తోసెయ్యాలి. ఇలా ఆరు. తర్వాత మళ్ళీ ఒక్కొక్కటే పెట్టుకుంటూ రావాలి. ఈలోపు విలన్ టీ తాగి రావచ్చు.

దీనికి స్మిత్ అండ్ వెసన్ 1870లోనే అందమైన జవాబు చెప్పింది. తుపాకీ మధ్యలో బందు, పైన గొళ్ళెం. గొళ్ళెం తీసి వంచితే బ్యారెల్, సిలిండర్ కలిసి ముందుకి వాలతాయి. అలా వాలుతుంటే లోపలున్న చుక్క ఆకారపు పలక పైకి లేచి ఆరు తొడుగుల్నీ ఒకేసారి ఎగదోస్తుంది. ఇంతకన్నా వేగం ఏం కావాలి? గుర్రం మీదున్న మనిషికి ఒక చేత్తో అయ్యే పని.

మరి అమెరికా సైన్యం దీన్నెందుకు వదిలేసింది? స్కోఫీల్డ్ అనే అధికారి ఈ మోడల్ని మెరుగుపరిస్తే 1875 ప్రాంతంలో సైన్యం కొన్ని వేలు కొంది. అప్పటికే కోల్ట్‌లు వాడుకలో ఉన్నాయి. రెండూ .45 సైజే. కానీ కోల్ట్ తూటా కొంచెం పొడుగు, స్కోఫీల్డ్ సిలిండర్లో పట్టదు. స్కోఫీల్డ్ తూటా మాత్రం కోల్ట్‌లో పడుతుంది. ఎక్కడో సరిహద్దు కోటలో ఉన్నవాడికి పెట్టె తెరిస్తే ఏ తూటాలుంటాయో! చివరికి రెండింటిలోనూ పట్టే పొట్టి తూటానే సైన్యం పంచాల్సొచ్చింది. ఆ తర్వాత మిగిలింది కోల్టే, వెళ్ళిపోయింది స్కోఫీల్డ్. ఒకే వెర్షన్ నంబరు, లోపల ఫార్మాట్ వేరు.. ఈ బాధ మనకి తెలీనిదా!

గొళ్ళెం రివాల్వర్‌కి అసలు కాలం బ్రిటిష్ రాజ్యంలో నడిచింది. 1887లో వెబ్లీ కంపెనీది బ్రిటిష్ సైన్యం తీసుకుంది. దాని సంతతి రెండు ప్రపంచ యుద్ధాలూ చూసి 1960ల దాకా నడిచింది. ఇంత మంచిది తర్వాత ఎందుకు పోయింది?

బందు దగ్గరే ఉంది కిటుకు. పేలినప్పుడు వచ్చే ఒత్తిడి అంతా ఆ గొళ్ళెం మీద, బందు మీద పడుతుంది. పాత మందుతో ఇబ్బంది లేదు. పొగలేని మందు వచ్చి తూటాలు బలం పెంచుకుంటూ పోయాయి. 1935లో వచ్చిన .357 మాగ్నమ్ లాంటి దాన్ని గొళ్ళెం చట్రంలో రోజూ పేలిస్తే కీళ్ళు కదిలిపోతాయి. దూలం ఉన్న ఒకే ముక్క చట్రమే దానికి దిక్కు. అయితే దూలం ఉంటే తుపాకీ వంగదు కదా, ఆరు తొడుగులూ ఒకేసారి ఎలా తీస్తాం? సిలిండర్‌ని చిన్న చెయ్యి మీద ఎడమ పక్కకి తెరిచే ఏర్పాటుతో. కోల్ట్ 1889లో, స్మిత్ అండ్ వెసన్ 1896లో ఈ దారి పట్టాయి. గొళ్ళెం కన్నా ఒక్క క్షణం నిదానం, కానీ ఎంత బలమైన తూటా అయినా సరే.

గొళ్ళెం తప్పేం చెయ్యలేదు. చుట్టూ ఉన్న లోడు పెరిగింది, అంతే.

అతి తెలివి

కొన్ని ఫీచర్లు చూస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, వాడాలనిపించదు.

జార్జ్ ఫాస్బెరీ అని మన దేశంలోనే పనిచేసిన ఆంగ్ల సైనికాధికారి. 1863లో వాయవ్య సరిహద్దు పోరులో విక్టోరియా క్రాస్ పొందినవాడు. ఆయన ఆలోచనతో వెబ్లీ కంపెనీ 1901లో ఒక ఆటోమేటిక్ రివాల్వర్ తెచ్చింది. పేల్చినప్పుడు పైభాగం మొత్తం తన్నుకి వెనక్కి జారుతుంది. సిలిండర్ ఒంటి మీద ముగ్గులా మెలికల గాడి, అందులో ఒక మేకు. జారుతుంటే ఆ మేకు సిలిండర్ని తిప్పుతుంది, హ్యామర్ కూడా లేచి ఉంటుంది. చూడ్డానికి అద్భుతం. కానీ చెయ్యి కాస్త మెత్తగా పట్టుకుంటే పూర్తిగా జారదు, ఆగిపోతుంది. ఆ గాడిలో బురద పడితే అంతే సంగతులు. యుద్ధంలో బురద కాక ఇంకేముంటుంది? సైన్యం అధికారికంగా ఎప్పుడూ తీసుకోలేదు.

రష్యా 1895లో తీసుకున్న నగాంత్ కథ ఇంకోరకం. ఏ రివాల్వర్లోనైనా సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నటి సందు ఉంటుంది, అందులోంచి కొంత వాయువు వృథా అవుతుంది. నగాంత్‌లో హ్యామర్ లేస్తుంటే సిలిండర్ ముందుకి జరిగి ఆ సందు మూసేస్తుంది. గుండు పూర్తిగా లోపల దాగి ఉండే ప్రత్యేకమైన తూటా, దాని మూతి బ్యారెల్లోకి దూరి బిరడాలా బిగుస్తుంది. లాభం? వేగం కాస్త పెరుగుతుంది. ఖర్చు? రాయిలాంటి ట్రిగ్గర్, ఇంకెక్కడా దొరకని తూటా, నింపడం మాత్రం పాత కోల్ట్‌లా ఒక్కొక్కటే. దేశం పెద్దది, ఫ్యాక్టరీ సొంతది కాబట్టి రెండో ప్రపంచ యుద్ధం దాకా లాగించారు. కానీ ఆ ఆలోచనని వేరే పెద్ద సైన్యమేదీ తలకెత్తుకోలేదు.

1908లో స్మిత్ అండ్ వెసన్ సిలిండర్‌ని మూడు చోట్ల బిగించే మోడల్ ఒకటి చేసింది. తుపాకీ ప్రియులు ఇప్పటికీ "మూడు తాళాల తుపాకీ" అని లొట్టలేస్తారు. 1915లో కంపెనీ ఆ మూడో తాళం తీసేసి 21 డాలర్ల తుపాకీని 19కి అమ్మింది. రెండు తాళాలు చాలని తేలింది. అదే మార్పులో కడ్డీకి ఉన్న తొడుగు కూడా పోయింది, కానీ కొనేవాళ్ళు అడగ్గా 1926లో అది తిరిగొచ్చింది. మూడో తాళం గురించి మాత్రం అంత గట్టిగా అడిగినవాళ్ళు లేరు. నిజంగా అవసరమైనది తీసేస్తే కస్టమరు మళ్ళీ తలుపు తడతాడు. (జీతాల ఫైలు లాంటిదైతే తలుపు విరగ్గొడతాడు.)

సరిగ్గా తీసేసినది

1935లో .357 మాగ్నమ్ వచ్చినప్పుడు స్మిత్ అండ్ వెసన్ ప్రతి గదికీ వెనక అంచున ఒక పళ్ళెంలా గుంట తొలిచేది. తూటా అడుగు అందులో పూర్తిగా కూర్చుంటుంది. అంతకుముందు తరం తూటాల అడుగు భాగం పలచగా ఉండి అప్పుడప్పుడు చిట్లేది, అలా చిట్లితే పేల్చేవాడికి రక్షణగా చుట్టూ ఉక్కు ఉండాలని.

తర్వాత తూటాలు మారాయి. అడుగు గట్టి ఇత్తడి అయింది. 1982 ప్రాంతంలో కంపెనీ ఆ గుంటలు తొలవడం మానేసింది. "నాణ్యత తగ్గించేశారు, డబ్బు మిగుల్చుకోవడానికే" అని అభిమానులు తిట్టుకున్నారు. డబ్బు మిగిలిన మాట నిజమే. కానీ ఆ గుంట ఏ ప్రమాదం కోసం పుట్టిందో ఆ ప్రమాదం తీరిపోయిన మాటా నిజమే.

నేను చెయ్యాల్సింది ఇదే. 90 సెకన్ల కోడు కూడా ఒక గుంటే. అవతలి సర్వరు ఫైలుని వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చి ఇచ్చే పద్ధతికి మారి ఉంటే ఆ కోడు నిజంగానే అనవసరం. అది మారిందా లేదా అని అడగడానికి నాకు ఒక్క మెయిలు చాలు. నేను అడగలేదు.

ఎప్పుడో పోవాల్సింది

ఇక నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసినది. పోవాల్సి ఉండీ పోనిది.

1873 కోల్ట్‌లో హ్యామర్ ముక్కుకే సూది ఉంటుంది. హ్యామర్ దించి పెడితే ఆ సూది తిన్నగా తూటా మీద ఆని ఉంటుంది. కింద పడితే, హ్యామర్‌కి దెబ్బ తగిలితే, పేలుతుంది. దానికి ఒక చిన్న సేఫ్టీ గాడి ఉంది కానీ గట్టి దెబ్బకి అది విరుగుతుంది. అందుకని జనం ఒక అలవాటు చేసుకున్నారు. ఆరు గదుల తుపాకీలో అయిదే పెట్టాలి, హ్యామర్ కింద ఖాళీ గది ఉంచాలి.

అంటే సిక్స్ షూటర్ నిజానికి ఫైవ్ షూటర్. నేను ఆరు దాకా లెక్కపెట్టడమే తప్పన్నమాట!

ఆ అలవాటు లేకపోతే ఏమవుతుందో చూడండి. 1876 జనవరిలో విచిటా ఊళ్ళో ఒక పోలీసాయన సెలూన్ వెనక గదిలో కూర్చుని ఉండగా రివాల్వర్ ఒరలోంచి జారి పడింది. పేలింది. గుండు ఆయన కోటులోంచి దూసుకెళ్ళి పైకప్పు చీల్చుకుని పోయింది. ఊరి పత్రికలో వార్త కూడా వచ్చింది. ఆ పోలీసు ఎవరో కాదు, వ్యాట్ ఎర్ప్. అయిదేళ్ళ తర్వాత ఓకే కోరల్ కాల్పులతో చరిత్రకెక్కినవాడు, హాలీవుడ్ ఎన్నో సినిమాలు తీసిన హీరో. అంతటివాడికే తప్పలేదు.

దీనికి మందు లేదా అంటే, ఉంది. 1890లలోనే ఐవర్ జాన్సన్ అనే కంపెనీ చవక రివాల్వర్లలో ఒక చిన్న ఉక్కు బద్ద పెట్టింది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితేనే ఆ బద్ద పైకొచ్చి హ్యామర్ దెబ్బని సూదికి అందిస్తుంది. లేకపోతే హ్యామర్ని సుత్తితో కొట్టినా పేలదు. వాళ్ళ ప్రకటనలు కూడా అదే చెప్పేవి. అంటే పరిష్కారం అందరి కళ్ళముందూ ఉంది.

పెద్ద కంపెనీల సంగతి? 1944లో అమెరికా నౌకాదళంలో ఒక స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ ఓడ ఉక్కు డెక్ మీద పడి పేలి ఒక నావికుడు చనిపోయాడు. దాంట్లో అడ్డుబద్ద ఉంది, కానీ ఆ రోజు పనిచెయ్యలేదు. కంపెనీ వెంటనే దాన్ని మళ్ళీ డిజైన్ చేసి, అప్పటినుంచి తుపాకీ నంబరు ముందు కొత్త అక్షరం చేర్చింది. ఒక ప్రాణం పోయాక ఒక అక్షరం. మన రిలీజ్ నోట్సులో చిన్న లైన్ల వెనక ఏముంటుందో తలుచుకుంటే భయమేస్తుంది.

పాత కౌబాయ్ తరహా తుపాకీల్లో మాత్రం అప్పటికీ మారలేదు. 1950లలో అమెరికన్ టీవీ నిండా కౌబాయ్ సీరియళ్ళు. జనానికి ఆ పాత తుపాకే కావాలి. రూగర్ కంపెనీ 1953 నుంచి అదే పోలికలో కొత్తవి చేసి లక్షల్లో అమ్మింది. పాత పద్ధతిలోనే, "అయిదే పెట్టండి" అనే అలవాటుని నమ్ముకుని. జారిపడి పేలినవి పేలాయి, గాయపడ్డవాళ్ళు కోర్టులకెళ్ళారు. 1973లో, అంటే కోల్ట్ వచ్చిన సరిగ్గా 100 ఏళ్ళకి, రూగర్ బద్ద పెట్టి కొత్త మోడల్ తెచ్చింది. 1982లో పాతవాటిని కూడా ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. అప్పుడు కూడా కొందరు "పాత క్లిక్కు శబ్దాలు పోతాయి" అని మార్పించుకోలేదట!

నాకర్థమైంది ఇది. మనిషి జాగ్రత్త మీద ఆధారపడే ఫీచరు ఎంత పాతదైనా, ఎంత అందమైనదైనా, అది తీరని అప్పు. "మన టీములో అందరికీ తెలుసులే" అనేది ఖాళీ గది లాంటిది. కొత్తగా చేరినవాడు ఆరు పెడతాడు.

కాన్పూర్‌లో గొళ్ళెం

చివరగా ఒక్క విషయం. గొళ్ళెం రివాల్వర్ చచ్చిపోయిందని పైన రాశాను కదా. పూర్తిగా కాదు. మన కాన్పూర్‌లోని ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ లైసెన్సు ఉన్న పౌరుల కోసం చేసిన .32 రివాల్వర్ వెబ్లీ వారసత్వమే. గొళ్ళెం, బందు, అన్నీ. 2014 జనవరిలో మహిళల కోసమని 'నిర్భీక్' పేరుతో సుమారు అరకిలో బరువున్న మోడల్ ఒకటి విడుదల చేశారు, అదీ అదే రకం. అప్పటి ధర లక్షా ఇరవై వేల పైమాటే. అంత డబ్బు పెట్టి తుపాకీ కొనుక్కుంటే తప్ప ఆడవాళ్ళు రోడ్డు మీద నడవలేరా అని అప్పుడు జరిగిన చర్చ వేరే టపాకి సరిపడా ఉంది, ఇక్కడ ఎత్తుకోను.

ఇంజనీరింగ్ పరంగా మాత్రం అది తప్పు కాదు. ఆ .32 తూటా 1896 నాటిది, మెత్తటిది. దాని ఒత్తిడికి గొళ్ళెం హాయిగా సరిపోతుంది. గొళ్ళేన్ని చంపిన కారణం అక్కడ లేదు, అందుకే గొళ్ళెం బతికే ఉంది.

కాబట్టి "పాతది" అన్నది కారణం కాదు. "కొత్తది" అన్నదీ కారణం కాదు. అది ఏ కష్టం కోసం పుట్టింది, ఆ కష్టం ఇంకా ఉందా? ఇదొక్కటే ప్రశ్న.

ఆ 90 సెకన్ల కోడు మళ్ళీ పెట్టేశాం. ఈసారి పైన నాలుగు లైన్ల కామెంటు రాశాను. ఎందుకు పెట్టామో, అవతల ఏం మారితే తీసెయ్యొచ్చో. నా తర్వాత వచ్చేవాడు చప్పట్ల కోసం తీసెయ్యకుండా.

మీ ప్రాజెక్టులో కూడా ఎవరికీ తెలీని ఇలాంటి గొళ్ళెమో గుంటో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. తీసేశారా? తీసేస్తే ఏమైంది? వ్యాఖ్యల్లో చెప్పండి, నా ఒక్కడి పరువే పోయిందనుకోకుండా ఉంటా.